ఇంటి తాడు, చర్చి మోకు

కుడిది ఎడమ దాని మీదికి, చుట్టు, లాగు. మళ్ళీ కుడిది ఎడమ దాని మీదికి, చుట్టు, లాగు. ముడి పడింది, గట్టిగానే పడింది, కానీ ప్రిస్కిల్లాకి నచ్చలేదు, ఎందుకంటే ముడిలోంచి బయటికొచ్చిన రెండు కొసలూ తాడుకి అడ్డంగా, అటొకటి ఇటొకటి, మాట వినని పిల్లల్లా నిలబడ్డాయి. నాయిన వేసిన ముడిలో కొసలు అలా నిలబడవు, తాడు పక్కనే, తాడు వెంటే బుద్ధిగా పడుకుంటాయి. అంతవరకు ఆమెకి అనుమానం లేదు, ఆ ముడి రూపం కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, దాని దగ్గరికి ఏ దారిన వెళ్ళాలన్నదే చేతులకి అందడం లేదు. విప్పింది. డీసీఎం వ్యాను మచ్చ బొల్లారం సందులోంచి పెద్ద రోడ్డెక్కుతూ కుదిపిన కుదుపుకి మధ్యలో ఉన్న పెట్టె జానెడు జరిగి ఆగింది. పెట్టెలో నాయిన, సత్తయ్య, అరవై మూడేళ్ళ మనిషి, నిన్న మధ్యాహ్నం దాకా ఆమె చేత జావ తాగినవాడు, ఇప్పుడు తెల్ల చొక్కా తొడుక్కుని పెళ్ళికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు. వ్యాను నడిపేది ఆమె భర్త, పక్కన ముందు సీట్లో అమ్మ, పెంటమ్మ. వెనక తలుపు దగ్గర సంఘం ఆడవాళ్ళు నలుగురు సన్నగా పాట అందుకున్నారు, పాటలో సగం మాటలు ఇంజను మింగేస్తోంది. ఇంకో గంటలో శామీర్‌పేట సమాధుల తోట. ఆ లోపల ఈ ముడి రావాలి. రాకపోతే ఏమవుతుందో ఆమెకి తెలిసినంతగా ఈ వ్యానులో ఇంకెవరికీ తెలియదు.

ఒక్కరికి తెలుసు, పెట్టెకి అవతల ఎదురుగా కూర్చున్న జాషువాకి, కానీ ఆయనకి తెలిసింది సగమే. డెబ్బై దగ్గర పడుతున్న సంఘం పెద్ద, నాయిన ఒకప్పుడు అన్నా అన్నా అంటూ వెంట తిరిగిన మనిషి, తొమ్మిదేళ్ళుగా నాయినతో మాట లేని మనిషి, ఈ పొద్దున చర్చి మోకు చుట్ట భుజాన వేసుకొని వాళ్ళ అద్దె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. మోకు తేవాలి కాబట్టి వచ్చాడు. ఈ చిన్న సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది, వేరే సంఘాల వాళ్ళు వింటే వింతగా చూస్తారు. పెట్టెను గోతిలోకి దించేటప్పుడు కాళ్ళ వైపు మోకు మొత్తం చర్చిదే, తల వైపు మోకు మాత్రం సగం చర్చిది, సగం చనిపోయినవాళ్ళ ఇంటిది. ఎప్పుడో మొదటి చావునాడు చర్చి దగ్గర చాలినంత తాడు లేక ఆ ఇంటి బావి తాడే తెచ్చి కలిపారట, అలా అవసరం కొద్దీ మొదలైంది, తర్వాత తాడు కొనుక్కునే స్థితి వచ్చినా మానలేదు, ఇంటివాళ్ళు ఒక కొస, సంఘం ఒక కొస పట్టుకుంటేనే మనిషి నిదానంగా దిగుతాడని అందరికీ నమ్మకం. దించాక ముడి విప్పేస్తారు, ఇంటి తాడు ఇంటికి వెళ్ళిపోతుంది, మర్నాడు దానితోనే నీళ్ళు తోడుకుంటారు. ఆ ముడి పాతికేళ్ళు నాయినే వేశాడు. ఆయన వేయడం మానేశాక మిగతా మగవాళ్ళు వేసిన ముళ్ళు ముళ్ళు కావు, ఒకదాని మీద ఒకటి పది చుట్లు బిగించిన గడ్డలు, విప్పే దిక్కులేక ప్రతిసారీ కత్తితో కోశారు, చావుకి ఒక మూర చొప్పున చర్చి మోకు తరిగిపోతూ వచ్చింది. ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉన్నది ఆ మిగిలిన మోకే, కొస చూస్తే కత్తి గాటు తాజాగా ఉంది.

పొద్దున వాకిట్లో జాషువా ఆ మాటే ఎత్తాడు, అల్వాల్‌లో పెట్టెలమ్మే దుకాణం వాళ్ళు ఇప్పుడు బెల్టులు కిరాయికిస్తున్నారనీ, మిషను తిప్పితే నిమ్మళంగా దిగుతుందనీ, ఇంకా ఈ తాళ్ళూ ముళ్ళూ ఎందుకనీ. తప్పుడు మాటేం కాదు. మంచం కింద చుట్టి దాచిన పాత బావి తాడును అమ్మ అప్పటికే బయటికి లాగి ఉంది, శామీర్‌పేట ఇల్లు ఖాళీ చేసి కూతురింటికి వచ్చినప్పుడు అమ్మ తెచ్చుకున్న నాలుగు సామాన్లలో అదొకటి, ఇక్కడ నల్లా నీళ్ళే, బావే లేదు, అయినా తెచ్చుకుంది, ఎందుకు తెచ్చిందో ఈ పొద్దున అందరికీ అర్థమైంది. ఆ తాడు చేత్తో పట్టుకొని బెల్టుల మాట వింటూ నిలబడిన అమ్మ ముఖం చూసి ప్రిస్కిల్లా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. వద్దు పెద్దనాయినా, మా నాయిన తాడు మీదనే దిగుతడు, ముడి నేనేస్త, అంది. వాకిలంతా ఆమె వైపు తిరిగింది. ఈ సంఘంలో ఆడవాళ్ళు ఆ మోకు ఉతికి ఆరేయడమే గానీ ముడి వేసింది లేదు, పట్టింది లేదు. పాస్టరు అయ్యగారు కుర్రవాడు, కిందటేడే వచ్చాడు, ఏయనివ్వండి అన్నాడు, అంతే, అయిపోయింది. అనడం ఎంతసేపు, ఇప్పుడు అనుభవించు. కుడిది ఎడమ దాని మీదికి.

నేర్పింది నాయినే కదా, నేర్చుకుంది తనే కదా, పదిహేనేళ్ళ వయసులో, తూంకుంట దాటాక రోడ్డు పక్కన ఉన్న ద్రాక్ష తోటలో, చదువు మానేసి నాయిన వెంట కూలికి పోయిన మొదటి సంవత్సరం. కత్తిరింపులు అయ్యాక కొత్త కొమ్మల్ని పందిరి తీగకి కట్టాలి. తీగకి అటొకరు ఇటొకరు, ఎదురెదురుగా, నడుచుకుంటూ కట్టుకుంటూ పోవాలి, అదే ఆ తోటలో పని పద్ధతి, అటువైపు నాయిన, ఇటువైపు తను. తోట ఆసామికి పురికొస జానెడు పారేసినా గుండె నొప్పి వచ్చేది, అందుకని తెగిన ముక్కల్ని కలిపి వాడాలి, కలపాలంటే ముడి రావాలి. నాయిన మాటల మనిషి కాడు. ఇట్ల, అనేవాడు, తీగ అవతల నిలబడి రెండు ముక్కలు పట్టుకొని, తన వేళ్ళేం చేస్తున్నాయో ఆమెకి కనపడేలా చేతులు ముందుకు చాచి, ఇట్ల. మందు కొట్టి కొట్టి ఆ వేళ్ళ సందుల్లో మైలుతుత్తం నీలం ఎప్పుడూ పోయేది కాదు, ఆదివారం చర్చిలో చేతులు జోడించినా నీలంగానే ఉండేవి. ఆమె చూసింది చూసినట్టు చేసింది, మొదటి చుట్టు పడింది. రెండో చుట్టు ఎంతకీ పడలేదు. చివరికి నాయిన తీగ కింది నుంచి వంగి ఇటువైపు వచ్చి, ఆమె వెనక నిలబడి, తన రెండు చేతుల్లోకి ఆమె రెండు చేతులూ తీసుకొని, ఇట్ల, అన్నాడు. బీడీ వాసన, తుత్తం వాసన, నెత్తిన ఆయన గడ్డం గరగర. ఆ సాయంత్రానికి ఆమె నాలుగు వందల ముళ్ళు వేసింది, ఒక్కటీ జారలేదు, నాయిన తల ఊపాడు, ఆయన తల ఊపితే బంగారు పతకం ఇచ్చినట్టే. నాలుగేళ్ళు ఆ చేతులతోనే వేలకి వేల ముళ్ళు వేసింది, కొమ్మలు ఆగాయి, గుత్తులు ఆగాయి. మరి తప్పెక్కడ ఉంది. తప్పు ఉన్నట్టు తెలిసింది కాబట్టే కదా ఈ బాధ.

హకీంపేట దగ్గర విమానం ఒకటి చెవులు చిల్లులు పడేలా నెత్తి మీద నుంచి పోయింది. పాట ఆగింది, ఆడవాళ్ళు పైకి చూశారు, ప్రిస్కిల్లా కూడా చూసింది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మళ్ళీ కిందికి చూసేసరికి ఒళ్ళో ముడి, కొసలు రెండూ తాడు పక్కన పడుకొని ఉన్నాయి. నాయిన ముడి. ఎలా వచ్చింది, ఏ చెయ్యి ముందు పోయింది, ఏది దేని మీద పడింది, విమానాన్ని కదా చూసింది తను, చూడాల్సినప్పుడు చూడలేదు. అలాగే ఉంచుకుంటే ఏ గొడవా లేదు, తెలివైనవాళ్ళు ఉంచుకుంటారు. ఎలా వచ్చిందో మెల్లగా వెనక్కి విప్పుతూ చూద్దాం, తెలుసుకుందాం, అనుకుంటూ ముడిని వదులు చేసింది, అంతలో బ్రేకు పడింది, తాళ్ళు రెండూ దేనికది విడిపోయి ఒళ్ళోంచి జారాయి. ఏడుపొచ్చింది. ఏడిస్తే నాయిన కోసం ఏడుస్తోందని అందరూ అనుకుంటారు, ఆమెకి మాత్రం తెలుసు, ఆ క్షణాన ఏడ్చింది ముడి కోసమే, పోయిన మనిషి కోసం నిన్నట్నుంచి కంట చుక్క రాలేదు, ఎందుకు రాలేదో ఆమెకే అర్థం కావడం లేదు. ఈసారి ఎడమతో మొదలుపెట్టింది. ఎడమది కుడి దాని మీదికి, చుట్టు, లాగు, ఆ తర్వాత చెయ్యి దానంతటదే, ఎడమతో మొదలైంది కదా ఎడమతోనే పోదామన్నట్టు, ఎడమది కుడి దాని మీదికే పోయింది. కొసలు మళ్ళీ అడ్డం. ఒకటి మారిస్తే రెండోది కూడా మారిపోతోంది. మొదటిది తప్పా, రెండోది తప్పా, రెండూ తప్పా. తను జీడిమెట్లలో మాత్రల కంపెనీలో ప్యాకింగు చేస్తుంది, అక్కడ అట్ట పెట్టెకి టేపు అంటిస్తే పని అయిపోతుంది, టేపుకి కుడీ ఎడమా లేవు. ఎదురుగా జాషువా ఆమె చేతుల్నే చూస్తున్నాడు. ఆ కళ్ళ ముందు చేతులు ఇంకా మొద్దుబారుతున్నాయి.

ఆ కళ్ళు అలా చూడటానికి కారణం ఉంది. తొంభై ఎనిమిదిలో, వానాకాలం, జాషువా తల్లి సుక్కమ్మ పోయింది. ఆ వారమే నాయిన కుడి చేతి వేళ్ళు కత్తిరింపు కత్తెరలో పడ్డాయి, చెయ్యంతా కట్టు. ముడి వేయాల్సింది ఆయన, వేసే స్థితి కాదు, వేరేవాళ్ళకి రాదు. చర్చి వెనక వరండాలో, ఎవరూ చూడకుండా, దుప్పటి కప్పుకొని పక్కన నిలబడి, నువ్వెయ్యి బిడ్డా, అన్నాడు. పంతొమ్మిదేళ్ళ ప్రిస్కిల్లా వేసింది, వేల ముళ్ళు వేసిన చేతులు, కళ్ళు మూసుకొని వేసింది. వాన మొదలవుతోంది, అప్పటి అయ్యగారు తొందరపెడుతున్నారు, నాయిన ఆ ముడి వైపు సరిగ్గా చూశాడో లేదో, ఎత్తుకెళ్ళి తను వేసినట్టే ఇచ్చాడు. పెట్టె గోతిలోకి సగం దిగింది. ద్రాక్ష కొమ్మ బరువు వేరు, మనిషి బరువు వేరు. ముడి ఒక్కసారిగా కాదు, ఆలోచించుకుంటున్నట్టు మెల్లమెల్లగా జారింది, కొసలు రెండూ లోపలికి పాక్కుంటూ వెళ్ళడం ఆమె చూసింది. తల వైపు దభాలున పడింది, గోతి అంచుకి కొట్టుకొని పై పలక పగిలి, సుక్కమ్మ తెల్ల చీర కొంగు కనపడింది. తాడు రెండో కొస పట్టుకున్న జాషువా వెనక్కి బురదలో పడ్డాడు. వానలో నలభై మంది నిలబడి ఉంటే నాయిన ముందుకొచ్చి, నా ముడే జారింది అన్నా, నా చెయ్యే తప్పు జేసింది, అన్నాడు. కట్టు కట్టిన చెయ్యితో ఎందుకు వేశావని తలా ఒక మాట అన్నారు, పడ్డాడు. జాషువా లేచి, మోకు చుట్టుకొని, ఒక్క మాట కూడా అనకుండా తీసుకెళ్ళిపోయాడు, ఆ తర్వాత అది నాయిన చేతికి మళ్ళీ రాలేదు. ఇంటికొచ్చాక నాయిన ఆమెని ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా. ఎక్కడ తప్పిందని అడగలేదు, చూపించమనలేదు, అరిచినా బాగుండేది. ఆమె కూడా నోరు విప్పలేదు. మర్నాడు తోటకి వెళ్ళారు, తీగకి అటొకరు ఇటొకరు.

ఇప్పుడు ఆ తోట వస్తుంది ఎడమ పక్కన. వచ్చింది. వచ్చిందంటే లేదు, పందిళ్ళు లేవు, ఎర్ర మట్టిలో తెల్ల సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్ళు వరసగా, ద్రాక్ష వరసలున్నంత దూరంలోనే ఉన్నట్టున్నాయి. తోట అమ్మేసిన మరుసటి ఏడే నాయిన కూలబడ్డాడు, కుడి చెయ్యి, కుడి కాలు, నోట మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. రెండేళ్ళు. డ్యూటీకి పోయే ముందు, వచ్చాక, స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చొని గిన్నెలో జావ పట్టేది, రెండు గుక్కలు తాగేవాడు, ఎడమ చెయ్యి ఎత్తి ఆమె భుజం పట్టుకొని పక్కకి నెట్టేవాడు. మొదట్లో వేడెక్కువైందేమో అనుకుంది. చల్లార్చి పెట్టినా నెట్టాడు. ఒళ్ళో తువ్వాలు పెట్టుకొని దాని అంచు పోగులు ఎడమ చేత్తో ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ ఉండేవాడు, మధ్యలో ఆమెని చూసి, నెట్టేవాడు, నోటినుంచి ఏవో శబ్దాలు, కళ్ళల్లో నీళ్ళు. అమ్మని మాత్రం ఏనాడూ నెట్టలేదు. అమ్మ మంచం మీద ఆయన పక్కనే కూర్చొని తినిపించేది, బుద్ధిగా తినేవాడు. అప్పుడు ప్రిస్కిల్లాకి అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది: నోరున్నన్నాళ్ళు అనలేదు గానీ, మనసులో ఉంచుకున్నాడు, పాతికేళ్ళ పరువు తన చేతుల్లో పోయిందని, ఈ ముఖం ఎదురుగా ఉంటే చూడలేకపోతున్నాడు. నిన్న కూడా నెట్టాడు. డ్యూటీ నుంచి సగం రోజు సెలవు పెట్టి మరీ వచ్చి కూర్చుంటే నెట్టాడు, గిన్నె ఒలికింది, నా మొకం సూడబుద్ధి గాకుంటే నీ ఇష్టం, అని గిన్నె అక్కడ పెట్టి వంటింట్లోకి పోయింది. బియ్యం ఏరుతూ కూర్చుంది. అమ్మ పిలిచిన పిలుపుకి వచ్చేసరికి అయిపోయింది. ఆ మాటే ఆయన విన్న చివరి మాట. కంట చుక్క ఎందుకు రాలేదంటే ఇదిగో, ఈ మాట అడ్డం పడి ఉంది.

"ఇటియ్యి," అన్నాడు జాషువా. పెట్టె మీదుగా వంగి రెండు తాళ్ళ కొసలూ అందుకున్నాడు. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. సత్తయ్య వేస్తుంటే పాతికేళ్ళు ఎదురుంగ నిలబడి చూసిన, నాకింత యాదికున్నది, అంటూ మొదలుపెట్టాడు, ముసలి వేళ్ళు ఒక కొస మీద ఇంకో కొస వేశాయి. ప్రిస్కిల్లా చూసింది. అది కుడిదా, ఎడమదా. ఆయన కుడివైపా, తన కుడివైపా. ఆయన చెయ్యి అటు వెళ్తుంటే ఆమె కళ్ళకి ఇటు వస్తున్నట్టుంది, తల తిరిగింది, ఇలా కాదు, అటు జరుగు, నా వైపు నుంచి చూడనీ, నోరు ఆ మాటల్ని ఇంకా కూడదీసుకోకముందే ఆమె ఎడమ చెయ్యి లేచి, పెట్టె మీదుగా వెళ్ళి, ఆయన మణికట్టు పట్టుకొని పక్కకి నెట్టింది.

ఆగిపోయింది. ఆ నెట్టుడు ఆమెకి తెలుసు. తన భుజానికి తెలుసు, రెండేళ్ళు రోజుకి రెండు పూటలా తెలుసు, అదే ఒత్తిడి, అదే వైపు, దూరంగా కాదు, పక్కకి. కోపం కాదది. ఇప్పుడు తనకి జాషువా మీద కోపం ఉందా, లేదు. ఎదురుగా ఉంటే తారుమారవుతోంది, పక్కకి రా అని, అంతే. తువ్వాలు పోగులు. ఒకదాని మీద ఒకటి. ఒంటి చేత్తో. అమ్మని నెట్టలేదు, ఎందుకంటే అమ్మ అప్పటికే పక్కన కూర్చుని ఉంది. నాయినా. ఆ వాననాటి నుంచి నువ్వు కూడా అదే వెతుకుతూ ఉన్నావా, నాలుగేళ్ళు కొమ్మల్ని మోసిన ముడి మనిషిని ఎందుకు మొయ్యలేదని, ఎప్పుడు దొరికింది నీకు, నోరు పోయాక దొరికిందా. లేక ఇది కూడా తను అనుకుంటున్నదేనా, ఊరట కోసం అల్లుకుంటున్నదేనా, తువ్వాలు పోగులు ముసలివాళ్ళందరూ లాక్కుంటారు కదా. తెలియదు. అడగడానికి లేదు. కానీ తోటలో సగం ఎదురుగా నిలబడి నేర్పాడు, సగం వెనక నిలబడి నేర్పాడు, అది మాత్రం ఊహ కాదు, నెత్తిన గరగరలాడిన గడ్డం సాక్షి. ఎదురుగా చూసి నేర్చుకున్న మొదటి చుట్టు అద్దంలో చూసినట్టు తిరగబడింది. వెనకనుంచి చేతులు పట్టి వేయించిన రెండోది సరిగ్గానే ఉంది. తప్పు రెండింట్లో లేదు, మొదటి దానిలోనే ఉంది.

లేచి, కదిలే వ్యానులో పెట్టె అంచు పట్టుకుంటూ తల వైపుకి నడిచి, డ్రైవరు క్యాబినుకి వీపు ఆనించి కూర్చుంది. నాయిన ఇప్పుడు లేచి కూర్చుంటే ఎటు చూస్తాడో అటే చూస్తూ, ఆయన పక్కన. తాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. పందిరి అవతల నుంచి చాచిన నీలం వేళ్ళని మనసులోనే తీగ కిందనుంచి ఇటు తెచ్చుకుంది, తన చేతుల పక్కన పెట్టుకుంది. ఎడమది కుడి దాని మీదికి, చుట్టు, లాగు. ఇప్పుడు వెనకనుంచి పట్టుకున్న చేతులు: కుడిది ఎడమ దాని మీదికి, చుట్టు, లాగు. కొసలు పడుకున్నాయి. విప్పి మళ్ళీ వేసింది, పడుకున్నాయి. మూడోసారి వేసి ఇక విప్పలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, పాట పాడుతున్న ఆడవాళ్ళు పాట ఆపేసి చూసేంత ఏడుపు, ముందు సీట్లోంచి అమ్మ వెనక్కి తిరిగి క్యాబిను వెనక కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

సమాధుల తోటలో ఎండ తగ్గింది కానీ రాళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. అయ్యగారు ప్రార్థన ముగించారు. తల వైపు తాడు పెట్టె కింది నుంచి తీసి, ముడి పెట్టె కిందికి పోకుండా ఇంటి వైపుకి మూరెడు జరిపి, ఒక కొస ప్రిస్కిల్లా పట్టుకుంది. రెండో కొస జాషువా అందుకున్నాడు, అందుకొని లాగి చూశాడు, గోతికి ఇటూ అటూ ఇద్దరూ. సుక్కమ్మ సమాధి అక్కడికి పది అడుగుల్లో ఉంది. ఆనాడు మీ నాయిన గూడ ఇంత నమ్మకంగనే తెచ్చిండు, అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా. అనకుండా ఉండాల్సింది ఆమె, ముడి నిలబడ్డాక తీరిగ్గా చెప్పుకోవచ్చు, ఇప్పుడు చెబితే తాడు వదిలేసి వెళ్ళిపోతాడేమో, బెల్టు తెమ్మంటాడేమో. కానీ నాయిన ఈ మాట నెత్తిన పెట్టుకొని లోపలికి దిగకూడదనిపించింది.

"ఆనాడు ముడి ఏసింది నాయిన గాదు, పెద్దనాయినా. నేను. నాయిన చేతికి కట్టుండె."

జాషువా ఆమె వైపు చూశాడు. పెట్టె వైపు చూశాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. భయపడ్డ, అంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు, నిజం అంతే ఉంది. తొమ్మిదేళ్ళు ఒక మనిషితో మాట్లాడకుండా ఉండటమంటే ఎన్ని ఆదివారాలో లెక్కేసుకుంటున్నాడేమో, ఆమెకి ఆ ముఖంలో ఏముందో తెలియలేదు. తర్వాత ఆయన తాడును అరచేతికి ఒక చుట్టు, ఇంకో చుట్టు చుట్టుకొని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఊఁ, అన్నాడు, నిమ్మళంగ ఇడువు. గోతి మీద పెట్టె కింద అడ్డంగా పరిచిన పలకలు తీశారు. బరువు చేతుల్లోకి వచ్చింది. ఆమె పెట్టెను చూడలేదు, ముడినే చూసింది, కొసలు లోపలికి పాకుతాయేమో అని, జానెడు, జానెడున్నర, రెండు జానెలు దిగింది పెట్టె, ముడి బిగిసి చిన్నదైంది గానీ కొసలు ఉన్నచోటే ఉన్నాయి, మోకు వెంట, కదలకుండా. తాడు ఒక్కసారిగా తేలికైంది. నాయిన నేలని తాకాడు.

అందరూ మన్ను వేశాక, అమ్మని నీడకి తీసుకెళ్ళాక, ప్రిస్కిల్లా ఒక రాతి మీద కూర్చొని ముడి విప్పింది. రెండు పక్కలనుంచి తాడును ముడిలోకి తోస్తే చాలు, అంత బరువు మోసిన ముడి వదులై చేతిలో తెరుచుకుంది, కత్తి అక్కర్లేకపోయింది. జాషువా అది చూస్తూ నిలబడ్డాడు. చర్చి మోకు చుట్టి ఇచ్చింది, ఆయన తీసుకోలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా ఆమె ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. మోకు కొసలు రెండూ చేతిలోకి తీసుకొని, ఎట్లేసినవో ఓసారి సూపియ్యి, అన్నాడు. ఆమె ఇంటి తాడు కొసలు పట్టుకుంది, ఎడమది కుడి దాని మీదికి వేయబోయి, ఎదురుగా ఆయన కళ్ళు తన వేళ్ళ వెంట రావడం చూసి, ఆగి, ఎడమ చెయ్యి చాచి ఆయన భుజాన్ని పక్కకి నెట్టింది. జాషువా ముఖం చిన్నబోయింది. నాయినతో తను మాట మానేసిన సంగతి మనసులో పెట్టుకొని నెడుతోందనుకున్నాడు కాబోలు, లేవబోయాడు. ఆ చిన్నబోయిన ముఖం ఆమెకి బాగా తెలుసు, రెండేళ్ళు తను వేసుకొని తిరిగిన ముఖమే అది. నాయినకి చెప్పడానికి నోరు లేకపోయింది. ఆమెకి ఉంది.

"ఎదురుంగ వద్దు, పెద్దనాయినా," అంది. "గిటు రా. నా పక్కన కూసో."